అణువు బొమ్మ ఎవరు తీశారు?

2020లో కరోనా వైరస్ బొమ్మ చూడని ఇల్లు లేదు. బూడిదరంగు బంతి, దాని ఒంటినిండా ఎర్రటి ముళ్లు. టీవీలో అదే, పేపర్లో అదే, ఆస్పత్రి గోడ మీదా అదే. ఆ రోజుల్లో చాలామంది నోట వినిపించిన ప్రశ్న ఒకటుంది: కంటికి ఆనని దాన్ని అంత స్పష్టంగా ఏ కెమెరాతో ఫొటో తీశారు? అది నిజంగా ఎర్రగానే ఉంటుందా?

ఏ కెమెరాతోనూ తీయలేదు. ఆ ఎరుపు కూడా వైరస్‌ది కాదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీలో పనిచేసే అలిస్సా ఎకెర్ట్, డాన్ హిగిన్స్ అనే ఇద్దరు చిత్రకారులు కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ అది. రంగులు ఎంచుకున్నది వాళ్లే. అలాగని సొంతంగా ఊహించుకుని గీసేశారనుకుంటే పొరపాటు. ముళ్లుగా కనిపించే ప్రోటీన్లకు ఆధారం శాస్త్రవేత్తలు ప్రయోగాలతో కొలిచి, అందరికీ అందుబాటులో పెట్టిన అంకెలు.

ఇలా కొలతల నుంచి అణువు ఆకారాన్ని తెర మీద కట్టే పనిని మాలిక్యులర్ గ్రాఫిక్స్ అంటారు. మనం అణుచిత్రణ అందాం. పాఠ్యపుస్తకాల్లో, మందుల కంపెనీల ప్రకటనల్లో ఈ బొమ్మలు అలంకారంగా కనిపిస్తాయి. ప్రయోగశాలలో మాత్రం వాటితో పని వేరు. అక్కడ ప్రతి బొమ్మనూ ఏదో ఒక ప్రశ్న అడగడానికే గీస్తారు. ఏ ప్రశ్న అడుగుతున్నామో దాన్నిబట్టే ఏది చూపాలి, ఏది దాచాలి అన్నది తేలుతుంది. అదెలాగో మొదటినుంచీ చూద్దాం.

వెలుగుకు అందనంత చిన్నది

మన కంటికి కనిపించే వెలుగు అలలుగా ప్రయాణిస్తుంది. ఆ అలల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క నానోమీటరు. అల పొడవులో సగం కన్నా బాగా చిన్నవైన వివరాలను మామూలు సూక్ష్మదర్శిని విడివిడిగా చూపలేదు. ఎంత పెద్దది చేసినా మసకే పెద్దదవుతుంది. కరోనా వైరస్ అడ్డకొలత దాదాపు 100 నానోమీటర్లు. అంటే వైరస్ మొత్తంగానే ఆ హద్దుకు దిగువన ఉంది. ఇక పరమాణువుల సంగతి చెప్పేదేముంది? రెండు కార్బన్ పరమాణువులు జతకట్టినప్పుడు వాటి నడుమ దూరం సుమారు 0.154 నానోమీటరు.

రంగు సంగతీ అంతే. రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హిమోగ్లోబిన్‌లోని హీమ్ అనే భాగం వెలుగులో కొంత మింగేసి మిగతాది వదిలేయడం. కోటానుకోట్ల అణువులు కలిసి చేసే పని అది. ఒక్క అణువునే తీసుకుంటే రంగు పూసిన పైభాగమంటూ దానికి ఏదీ ఉండదు.

వెలుగు పనికిరానప్పుడు ఎక్స్-కిరణాలు అక్కరకొచ్చాయి. రాగి నుంచి పుట్టించే ఎక్స్-కిరణాల అల పొడవు కూడా దాదాపు 0.154 నానోమీటరే. పరమాణువుల మధ్య దూరానికి ఇంచుమించు సరిపోయిందన్నమాట. కానీ వెలుగును కూడగట్టి బొమ్మ చూపడానికి గాజు కటకం ఉంది; ప్రోటీన్‌లోని పరమాణువులను అలా చూపగల ఎక్స్-కిరణాల కటకం లేదు. అందుకని శాస్త్రవేత్తలు చుట్టుదారి పట్టారు. ప్రోటీన్‌ను ముందు స్ఫటికంగా పెంచుతారు. అందులో కోటానుకోట్ల అణువులు ఒకే తీరున బారులు తీరి ఉంటాయి. దాని మీదికి ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి వేలకొద్దీ మచ్చలు వేస్తాయి. ఏ మచ్చ ఎంత గాఢంగా పడిందో కొలిచి, కటకం చేయాల్సిన పనిని లెక్కలతో చేస్తారు.

లెక్కల చివర చేతికొచ్చేది అణువు బొమ్మ అనుకోకండి. స్ఫటికంలో ఎక్కడ ఎలక్ట్రాన్లు చిక్కగా ఉన్నాయో, ఎక్కడ పలచగా ఉన్నాయో చూపే పటం అది. దాన్ని ఎలక్ట్రాన్ల మబ్బు అనుకోవచ్చు. ఇది ఆక్సిజన్, ఇది కార్బన్ అని ఆ మబ్బు పేరు పెట్టి చెప్పదు. చిక్కగా ఉన్నచోట ఏ పరమాణువు ఇముడుతుందో మనిషి తేల్చుకోవాలి. హైడ్రోజన్‌కు ఉన్నది ఒకే ఎలక్ట్రాన్ కాబట్టి చాలా పటాల్లో అది కనబడనే కనబడదు. అంటే మొదటి గీత పడకముందే బొమ్మలో ఒక మనిషి తీర్పు చేరిపోయిందన్నమాట.

2,500 ఇనుప చువ్వలు

ఆ తీర్పు చెప్పడం ఎంత కష్టమో జాన్ కెండ్రూ పడిన పాట్లు చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆయన ఎంచుకున్న ప్రోటీన్ మయోగ్లోబిన్. కండరాల్లో ఆక్సిజన్‌ను నిలవ ఉంచే చిన్న ప్రోటీన్ అది. 153 అమైనో ఆమ్లాల గొలుసు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలం కండరంలో అది దండిగా దొరుకుతుంది కాబట్టి అక్కడినుంచి తీశారు.

1957లో ఆయన బృందానికి మొదటి పటం వచ్చింది. 0.6 నానోమీటరు కన్నా సన్నని వివరం అందులో లేదు. ఆ పటం చూసి ప్లాస్టిసిన్ బంకమన్నుతో ఒక నమూనా చేశారు. జీవం నడవడానికి మూలమైన అణువు చక్కని అమరికతో, రెండు పక్కలా సమానంగా ఉంటుందని అంతవరకూ చాలామంది ఆశ. తీరా చూస్తే మెలికలు తిరిగిన గొట్టం ఒకటి తన మీద తానే అడ్డదిడ్డంగా పడి ఉంది. పద్ధతీ పాడూ లేదని కెండ్రూ బృందమే 1958 నాటి తమ వ్యాసంలో ఆశ్చర్యపోయింది.

మరో రెండేళ్లకు 0.2 నానోమీటరు స్పష్టత వచ్చింది. ఇప్పుడు పరమాణువులను ఒక్కొక్కటిగా అమర్చాలి. అందుకు వాళ్లు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున సుమారు 2,500 ఉక్కు చువ్వలు నిలబెట్టారు. 0.1 నానోమీటరుకు 5 సెంటీమీటర్ల లెక్క. అంటే అణువును 50 కోట్ల రెట్లు పెద్దది చేశారు. మబ్బు ఎక్కడ ఎంత చిక్కగా ఉందో తెలిసేలా చువ్వలకు రంగురంగుల క్లిప్పులు తగిలించారు. ఆ రంగుల జాడ పట్టుకుని లోహపు పుల్లలతో అణువును కట్టుకుంటూ వచ్చారు. 1962లో కెండ్రూకు, హిమోగ్లోబిన్ గుట్టు విప్పిన మాక్స్ పెరుట్జ్‌కు కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

బహుమతి వచ్చినా ఇబ్బందులు తీరలేదు. నమూనా లోపల ఒక పుల్ల సవరించాలంటే చుట్టూ ఉన్న చువ్వలు చేతికి అడ్డం. బరువుకు భాగాలు వంగిపోయేవి. ఒక్కో పరమాణువు ఎక్కడుందో తెలుసుకోవడానికి తాపీమేస్త్రీల్లా తూకపు గుండు వేలాడదీసి కొలిచేవారు. ఇంకో దేశంలోని పరిశోధకుడు చూడాలంటే రైలో ఓడో ఎక్కి రావలసిందే. 1968లో ఫ్రెడ్ రిచర్డ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఒక ఉపాయం పన్నారు. సగం వెలుగును వెనక్కి తిప్పి, సగాన్ని తనగుండా పోనిచ్చే అద్దం ఒకటి పెట్టారు. దానిలో చూస్తే పుల్లల నమూనా, అద్దపు పలకల మీద గీసిన మబ్బు పటం ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. చువ్వల బెడద తప్పింది. నమూనా మాత్రం ఇంకా గదిలోనే ఉంది.

తెర మీదికి ఎక్కిన అణువు

ఆ నమూనాను గదిలోంచి తెర మీదికి తెచ్చినవాడు సైరస్ లెవింథాల్. 1960ల మధ్యలో అమెరికాలోని ఎంఐటీలో ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. ఎందరో దాన్ని వంతులవారీగా పంచుకునేవారు. దానికి తగిలించిన తెర మీద వెలుగు గీతలు తప్ప మరేమీ గీయడం కుదరదు. రంగులు లేవు, నీడలు లేవు. లెవింథాల్ ఆ గీతలతోనే ప్రోటీన్ గొలుసును గీయించారు.

తెర చదును, అణువుకేమో లోతు ఉంది. ఈ చిక్కు విప్పడానికి ఆయన వాడుకున్నది మన మెదడుకున్న ఒక అలవాటు. చిక్కుబడ్డ గీతలు కదలకుండా ఉంటే ఏది ముందుందో, ఏది వెనకుందో చెప్పలేం. అవే గీతలు మెల్లగా తిరిగితే లోతు దానంతటదే తెలిసిపోతుంది. తెర పక్కన అరచేతిలో ఇమిడే గోళం ఒకటి ఉండేది. దాన్ని ఎటు తిప్పితే అణువు అటు తిరిగేది, ఎక్కువ తిప్పితే వేగం పుంజుకునేది. 1966 జూన్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో లెవింథాల్ ఈ పని గురించి రాశారు. అణువు లోపలికి దూరి చూడటం మనిషికి అప్పుడే మొదలైంది.

ఇంతకీ కంప్యూటర్ లోపల ఉన్నదేమిటి? ఉన్నది అణువులోని పరమాణువుల పట్టీ ఒక్కటే. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఇలాంటి పట్టీలను దాచే భండారం మొదలైంది. దాని పేరు ప్రోటీన్ డేటా బ్యాంక్. మొదట్లో అందులో ఉన్నవి 7 ప్రోటీన్లే. ఇప్పుడు 2 లక్షలు దాటాయి. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఉచితంగా తీసుకోవచ్చు.

కెండ్రూ మయోగ్లోబిన్ పట్టీ తెరిచి మొదటి పరమాణువు వరుస చదువుదాం. ఇది పరమాణువు అని ఒక మాట. వరుస సంఖ్య 1. అది నత్రజని. వాలీన్ అనే అమైనో ఆమ్లంలోది. ఆ వాలీన్ గొలుసులో మొదటిది. తర్వాత మూడు సంఖ్యలు: ఒక మూలనుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత, లోతుగా ఎంత. ఆ తర్వాత ఇంకో రెండు: స్ఫటికంలోని అణువుల్లో ఎంత భాగానికి ఆ పరమాణువు ఆ చోట ఉంది, ఉన్నచోట ఎంత స్థిరంగా ఉంది. అంతటితో వరుస అయిపోయింది. వరుసకు 80 అక్షరాల చోటు. పాతకాలం చిల్లుల కార్డులో పట్టేది అంతే కాబట్టి ఆ లెక్క చాలాకాలం అలాగే నిలిచిపోయింది.

రంగు గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. గోళమా, గీతా అన్నదీ లేదు. అమైనో ఆమ్లాల్లో ఏ పరమాణువుకు ఏది జతో కూడా మామూలుగా రాయరు. దూరాలు చూసో, ముందే తెలిసిన అమైనో ఆమ్లాల నిర్మాణం చూసో సాఫ్ట్‌వేరే కలుపుతుంది.

సంక్రాంతి నెలలో వాకిట్లో చుక్కల ముగ్గు వేయడం మనకు కొత్త కాదు. ముందు చుక్కలు పెడతారు. 15 చుక్కలతో మొదలెట్టి 8కి దింపుతూ వరస తప్పకుండా పెట్టాలి. ఒక్క చుక్క పక్కకు జరిగినా ముగ్గంతా వంకర పోతుంది. చుక్కలు సరిగ్గా పడ్డాక మాత్రం వేసేవాళ్ల ఇష్టం. ఒకావిడ చుక్కలను కలుపుతూ పోతుంది, పువ్వులు తేలతాయి. పక్కింటావిడ అవే చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతుంది, చుక్కలు గళ్లలో చిక్కుకుంటాయి. ఇంకొకావిడ రంగులు నింపేసరికి అసలు చుక్కలే మాయమవుతాయి. మూడు వాకిళ్లలో మూడు ముగ్గులు. చుక్కల లెక్క ఒక్కటే. అణుచిత్రణలో ప్రయోగం ఇచ్చేవి చుక్కలు. గీతలు, మెలికలు, రంగులు గీసేవాళ్లవి. ఏవి ప్రయోగం చెప్పినవో, ఏవి చిత్రకారుడు చేర్చినవో విడదీసి చూడటం వస్తే ఈ బొమ్మలు చదవడం వచ్చినట్టే.

చూపేది కొంత, దాచేది కొంత

ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా వాడే నాలుగు రకాలు చూద్దాం.

మొదటిది తీగ బొమ్మ. పరమాణువుల మధ్య బంధాలను సన్నని గీతలుగా చూపుతుంది. మబ్బు పటంలో ఏ పరమాణువు ఎక్కడ ఇముడుతుందో సరిచూసేటప్పుడు ఇదే అనువు, ఎందుకంటే వెనకున్నదాన్ని ఇది కప్పేయదు. అసలు అణువులో గీతలేవీ ఉండవని వేరే చెప్పక్కర్లేదు.

రెండోది నిండు గోళాల బొమ్మ. ఒక్కో పరమాణువు ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత గోళంగా చూపుతుంది. గోళాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని కిక్కిరిసి ఉంటాయి. తీగ బొమ్మలో బోలుగా కనిపించిన ప్రోటీన్, ఇందులో చూస్తే సందు లేకుండా బిగిసి ఉందని తెలుస్తుంది. కార్బన్‌కు నలుపో బూడిదరంగో, ఆక్సిజన్‌కు ఎరుపు, నత్రజనికి నీలం, హైడ్రోజన్‌కు తెలుపు. ఈ ఆనవాయితీ కంప్యూటర్ల కన్నా చాలా పాతది. 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హోఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, పుల్లలు గుచ్చి అణువులు చూపించారు. ఆయన వేసిన రంగులే ఇవాళ్టికీ తెర మీద ఉన్నాయి.

మూడోది రిబ్బను బొమ్మ. ఇందులో దాదాపు అన్ని పరమాణువులనూ తీసేస్తారు. గొలుసు నడక మాత్రం మిగులుతుంది. చుట్టలు తిరిగినచోట రిబ్బను చుట్ట, సాగి ఉన్నచోట బల్లపరుపు బాణం. ఈ బొమ్మకు రూపం దిద్దినావిడ అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ రిచర్డ్‌సన్. 1981లో అచ్చయిన తన సుదీర్ఘ వ్యాసం కోసం అప్పటికి తెలిసిన ప్రోటీన్లను ఒక్కొక్కటే చేత్తో గీశారామె. అన్నిటినీ ఒకే శైలిలో పక్కపక్కన పెట్టేసరికి, పరమాణువుల గుంపులో కనబడని పోలికలు బయటపడ్డాయి. వేర్వేరు పనులు చేసే ప్రోటీన్లలో కూడా మడతలు ఒకే తీరున ఉండటం, ప్రోటీన్లకు కుటుంబాలు ఉండటం కంటికి కట్టింది. ఆమె చేతి గీతలను చూసే కంప్యూటర్ ప్రోగ్రాములు రిబ్బన్లు గీయడం నేర్చాయి. ఎంత వదిలేస్తే అంత తెలిసిందని చెప్పడానికి సైన్సులో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

నాలుగోది పైపొర బొమ్మ. నీటి అణువంత చిన్న బంతిని ప్రోటీన్ ఒంటి మీద అంతటా దొర్లించారనుకోండి. బంతి తాకగలిగినంత మేరా ఒక పొర గీస్తే అదే పైపొర. బంతి దూరలేని సందులు పూడిపోతాయి, దూరగల గుంటలు గుంటలుగా మిగులుతాయి. రుణ విద్యుదావేశం ఉన్నచోట ఎరుపు, ధన విద్యుదావేశం ఉన్నచోట నీలం వేయడం అలవాటు. మందు ఎక్కడ వాలుతుంది అన్న ప్రశ్నకు ఈ బొమ్మే దారి చూపుతుంది.

సుబ్బారావు మందు ఎలా కూర్చుంది?

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మనకు తెలిసిందే. 1940లలో న్యూయార్క్ దగ్గర లెడర్లె ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దాన్ని పోలిన నకిలీలను తయారుచేసింది. కణాలు కొత్త డీఎన్ఏ తయారుచేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. నకిలీని అసలు అనుకుని మింగితే క్యాన్సర్ కణం ఎదుగుదల ఆగుతుంది. ఆ నకిలీల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట దొరికిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. సుబ్బారావు అదే ఏడు చనిపోయారు. ఆ నకిలీల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వైద్యులు ఇవాళ్టికీ రాస్తున్నారు.

అసలుకూ నకిలీకీ తేడా చాలా తక్కువ. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఉన్న ఆక్సిజన్ బదులు నత్రజని గుంపు పెట్టి, ఇంకోచోట ఒక చిన్న మిథైల్ గుంపు తగిలిస్తే మెథోట్రెక్సేట్ అవుతుంది. మరి ఇంత చిన్న మార్పుతో అది అసలుకన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఎలా అతుక్కుంటోంది? సుబ్బారావు రోజుల్లో దీనికి జవాబు చూసే వీలే లేదు. మందు అతుక్కునేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైముకు. బ్యాక్టీరియాలోని ఆ ఎంజైము, అందులో కూర్చున్న మెథోట్రెక్సేట్‌తో సహా, 1977లో ఎక్స్-కిరణాలకు చిక్కింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో జోసెఫ్ క్రాట్, డేవిడ్ మాథ్యూస్ బృందం చేసిన పని అది. ఎంజైములోని లోతైన గుంటలో మందు చక్కగా ఒదిగి ఉంది.

పేరుకు నకిలీ కదా, అసలు కూడా అదే భంగిమలో కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. తెర మీద అలా కూర్చోబెట్టి చూస్తే లెక్క కుదరలేదు. ఎంజైము పని ఫోలేటుకు, అంటే ఫోలిక్ ఆమ్లానికి, ఒక పక్కనుంచి హైడ్రోజన్ అందించడం. మెథోట్రెక్సేట్ భంగిమలో ఫోలేటును ఉంచితే హైడ్రోజన్ దాని రెండో ముఖానికి తగలాలి. ప్రయోగంలో పుట్టే పదార్థం చూస్తే, తగిలింది మొదటి ముఖానికని తేలింది. అంటే రెండూ ఒకే గుంటలో దిగినా, తలభాగంలోని జంట వలయం ఒకదానిలో బోర్లా, ఇంకోదానిలో వెల్లకిలా ఉండాలి. తర్వాతి ఏళ్లలో ఫోలేటు ఉన్న స్ఫటికాలు చూస్తే జరిగింది అదే. మెథోట్రెక్సేట్ తలభాగం సుమారు 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంది.

తిరగబడటం వల్ల దానికి ఒరిగిందేమిటో దగ్గరికెళ్లి చూద్దాం. గుంట అడుగున, బ్యాక్టీరియా ఎంజైములో 27వ స్థానంలో, రుణావేశం మోసే ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది. మెథోట్రెక్సేట్ వలయం ధనావేశం తెచ్చుకుని దానికి నేరుగా ఎదురుగా కూర్చుంటుంది. ఆక్సిజన్ బదులు సుబ్బారావు బృందం పెట్టిన ఆ నత్రజని గుంపు గుంట గోడల్లోని రెండు ఆక్సిజన్లను పట్టుకుంటుంది. ఫోలేటుకు ఆ చోట ఆక్సిజనే ఉంది కాబట్టి ఈ పట్టు దొరకదు. రసాయన శాస్త్రవేత్త కాగితం మీద రెండు అణువులనూ పక్కపక్కన గీస్తే కవలల్లాగే కనిపిస్తాయి. గుంటలో పెట్టి తిప్పి చూసినప్పుడే తేడా దొరికింది.

గుంట చూసి మందు కట్టడం

సుబ్బారావు మందు విషయంలో మందు ముందు, బొమ్మ తర్వాత. వరస తిరగేసి, బొమ్మ చూసి మందు కట్టొచ్చా? ఫ్లూ వైరస్ మీద ఆస్ట్రేలియాలో అదే చేశారు. ఫ్లూ వైరస్ ఒక కణంలో పెరిగి బయటికి వచ్చేటప్పుడు న్యూరామినిడేజ్ అనే ఎంజైము దానికి తాడు తెంపి దారి ఇస్తుంది. 1983లో పీటర్ కోల్మన్, జోస్ వర్గీస్ బృందం మెల్‌బోర్న్‌లో ఆ ఎంజైము ఆకారాన్ని తేల్చింది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది గాని, ఈ ఎంజైము పనిచేసే గుంట మాత్రం రకరకాల ఫ్లూలలో ఒకేలా ఉంది. గురి పెట్టడానికి అంతకన్నా మంచి చోటేముంటుంది?

ఆ గుంటలో వదులుగా కూర్చునే అణువు ఒకటి అప్పటికే తెలుసు. దాన్ని బిగించాలి. మార్క్ వాన్ ఇట్జ్‌స్టైన్ బృందం గ్రిడ్ అనే ప్రోగ్రామ్ వాడింది. ఇంగ్లండులో పీటర్ గుడ్‌ఫర్డ్ రాసిన ప్రోగ్రామ్ అది. గుంటలో ప్రతి చోటా ఒక చిన్న రసాయన గుంపును ఉంచి, అది అక్కడ ఎంత హాయిగా ఉంటుందో లెక్కగట్టి, బాగా ఇష్టపడే చోట్లను తెర మీద మెరిసే వలలుగా చూపుతుంది. నత్రజని గుంపుతో వెతికితే ఒకచోట వల దట్టంగా కనిపించింది. పాత అణువులో 4వ స్థానంలో ఉన్న హైడ్రాక్సిల్ గుంపు సరిగ్గా ఆ పక్కనే ఉంది. ఆ చుట్టూ రుణావేశం ఉన్న గ్లుటామిక్ ఆమ్లాలు ఖాళీ చేతులతో ఉన్నాయి. హైడ్రాక్సిల్ తీసేసి ముందు అమైనో గుంపు, తర్వాత ఇంకా పెద్దదైన గ్వానిడినో గుంపు పెట్టారు. మందు పట్టు వేల రెట్లు పెరిగింది. 1993లో ఈ ఫలితం వెలువడింది. 1999లో జనామివిర్ పేరుతో మందు మార్కెట్లోకి వచ్చింది.

బొమ్మే తప్పయితే?

ఇంతవరకూ బొమ్మ మేలు చేసిన కథలే చూశాం. అది ముంచిన కథలూ ఉన్నాయి. 2001లో ఒక అమెరికన్ ప్రయోగశాల కణాల్లోంచి పదార్థాలను బయటికి నెట్టే ప్రోటీన్ ఒకదాని ఆకారాన్ని ప్రకటించింది. దాని రిబ్బను బొమ్మ పేరుమోసిన పత్రికలో అచ్చయింది. మిగతావాళ్లు దాన్ని నమ్మి తమ ప్రయోగాలు రూపొందించుకున్నారు. 2006లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు దాని బంధువైన మరో ప్రోటీన్ ఆకారం చూపితే రెంటికీ పొంతన కుదరలేదు. ఆరా తీస్తే, అమెరికా ప్రయోగశాల సొంతంగా వాడుకుంటున్న చిన్న ప్రోగ్రామ్ కొలతల్లో రెండు నిలువు వరసలను తారుమారు చేసిందని తేలింది. దాంతో మబ్బు పటమే అద్దంలో ప్రతిబింబంలా కుడిఎడమలు మారిపోయింది. ఆ బృందం ఐదు వ్యాసాలను వెనక్కి తీసుకుంది. చూడటానికి ఆ బొమ్మలో ఏ లోపమూ కనిపించదు. తెర తప్పునూ ఒప్పునూ ఒకే నిగనిగతో చూపుతుంది.

అందుకే బొమ్మకు బయటినుంచి పరీక్ష కావాలి. అలాంటి పరీక్షల్లో పేరున్నది మద్రాసులో పుట్టింది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. ప్రోటీన్ గొలుసులో ప్రతి మలుపు దగ్గరా రెండు కోణాలున్నాయి. వాటిని ఇష్టమొచ్చినట్టు తిప్పొచ్చా? పరమాణువులు ఒకదాన్నొకటి తోసుకోకూడదంటే చాలా కోణాల జంటలు కుదరవు. కుదిరేవాటిని గళ్ల కాగితం మీద గుర్తిస్తే కొన్ని దీవులు మాత్రం మిగులుతాయి. దాన్నే రామచంద్రన్ పటం అంటారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రోటీన్ ఆకారం తేల్చినా దాని మలుపులన్నీ ఆ పటం మీద పెట్టి చూస్తారు. దీవుల బయట ఎక్కువ మలుపులు పడితే ఆ నమూనాను అనుమానించాల్సిందే.

నిశ్చలంగా ఉండటం కూడా ఒక లోపమే. కెండ్రూ చూపిన మయోగ్లోబిన్‌లో ఆక్సిజన్ చేరాల్సిన హీమ్ లోపల ఉంది. బయటినుంచి అక్కడికి దారి మాత్రం లేదు. అయినా మన కండరాల్లో ఆక్సిజన్ వెళ్తోంది, వస్తోంది. అంటే ప్రోటీన్ కదలాలి. 1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ ఒక చిన్న ప్రోటీన్ కదలికను తొలిసారి కంప్యూటర్లో లెక్కగట్టారు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే 9 భాగాలకు కాస్త పైన, అంతే వాళ్లు చూడగలిగిన వ్యవధి. వీడియో ఆటల కోసం తయారైన గ్రాఫిక్స్ చిప్పులు వచ్చాక అలాంటి లెక్కలు మామూలు ప్రయోగశాలలకూ అందాయి.

ఇక ఇప్పుడు ప్రయోగమే లేకుండా బొమ్మ వస్తోంది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్, అమైనో ఆమ్లాల వరస చెబితే ఆకారం ఊహించి చెబుతుంది. 2022కల్లా అలా ఊహించిన ఆకారాలు 20 కోట్లు దాటాయి. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం దాని రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు దక్కింది. ఈ బొమ్మల్లో రంగు చేసే పని గమనించదగ్గది. ముదురు నీలం ఉన్నచోట ప్రోగ్రామ్‌కు తన ఊహ మీద గట్టి నమ్మకం. లేత నీలం, పసుపు, నారింజ దాకా వచ్చేసరికి ఆ నమ్మకం సడలిపోతుంది. నారింజ రంగు తోక మీద మందు కట్టబోయేవాడు ఇసుక మీద ఇల్లు కట్టినట్టే. తనకెంత తెలుసో తానే చెప్పే బొమ్మ అన్నిటికన్నా నిజాయితీగలది. పాత బొమ్మలకు ఆ వివరం పట్టీలోని చివరి అంకెల్లో ఉంటుంది, చాలామంది చూడరు.

ఇవన్నీ చదివి ఊరుకోనక్కర్లేదు. ఒకప్పుడు ఎంఐటీలో ఒక్క గదికే ఉన్న వసతి ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్న ఏ కాలేజీ పిల్లకైనా ఉంది. ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైటులో 4డీఎఫ్ఆర్ అని వెతకండి. మెథోట్రెక్సేట్ పట్టుకున్న బ్యాక్టీరియా ఎంజైము వస్తుంది. 1ఆర్ఎక్స్2 అని వెతికితే అదే ఎంజైము ఫోలేటుతో వస్తుంది. సంకేతాలను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి. సైటులోనే ఉన్న బొమ్మల పనిముట్టుతో రెండిటినీ తెరిచి, రిబ్బన్లు తీసేసి, గుంట దగ్గరి 27వ ఆస్పార్టిక్ ఆమ్లాన్ని మాత్రం ఉంచండి. రెండు కిటికీల్లోనూ గుంటను ఒకే వైపు నుంచి కనిపించేలా తిప్పండి. ఒకదానిలో ఆ ఆమ్లానికి వలయం ఏ అంచు చూపుతోంది, రెండోదానిలో ఏ అంచు చూపుతోంది? రెండు జవాబులూ వేరైతే సుబ్బారావు మందు ఎందుకు పనిచేస్తోందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.